తలకొట్టు కొలత

కుంచం నిండాక దాని మీద గోపురంలా నిలిచే గింజని శిఖ అంటారు. ఆ గోపురాన్ని కర్రతో ఒక్క ఊపున తోసేసి గింజని అంచుకి సరిపెడితే అది తలకొట్టు కొలత. షావుకారు తీసుకునేటప్పుడు శిఖతో తీసుకుంటాడు, ఇచ్చేటప్పుడు తలకొట్టి ఇస్తాడు. సర్కారు కొట్లో తీసుకోవడమూ తలకొట్టే, ఇవ్వడమూ తలకొట్టే. ఒరిస్సా కొండల్లోని టికిరి విత్తనాల కొట్లో కొలిచే అసిరయ్యకి తెలిసిన సర్కారు అంతే. అంతకు మించి అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు.

తొలకరి పడింది. సంతరోజు కావడంతో కొండల మీది జనం పెందలాడే దిగివచ్చి కొట్టు ముందు వరసగా కూర్చున్నారు. బి.డి.ఓ. దేవప్రసాద్ వరస పక్కన నిలబడి, ఊరూ పేరూ అడిగి ఒక్కొక్కరినే కొట్టు అరుగు మీదికి పంపుతున్నాడు. భీమిలి వైపు క్రైస్తవుల బిడ్డ. సన్నటి మనిషి. ఎండలో నిలబడినా చొక్కా గుండీ విప్పడు.

అరుగు మీద ధాన్యపు రాశి ముందు అసిరయ్య గొంతుకూర్చున్నాడు. రెండు చేతులతో గింజని ఎత్తి, వేళ్ళు వదులు చేసి, కుంచంలోకి వానలా రాలుస్తున్నాడు. కర్ర ఒక్కసారి నడిచేది.

"లాభం," అంటూ మొదటి కుంచం పోశాడు. తరవాతే రెండు, మూడు.

మొదటి కుంచాన్ని ఒకటి అనడు. విత్తనానికి ఒంటితనం తగలకూడదని పాలకొండ దగ్గర కళ్ళాల్లో వాళ్ళ నాన్న అలాగే కొలిచేవాడు. ఇన్నేళ్ళూ అతని నోట విని విని కొండజనానికి కూడా అదే అలవాటయింది. లాభం అన్న మాట పడందే ఒడి పట్టేవాళ్ళు కాదు.

పొద్దెక్కాక జీపు వచ్చి ఆగింది. వెనకాలే లారీ. జీపులోంచి మంత్రి దిగాడు. ఆయన పక్కన రాయగడ కంట్రాక్టరు మన్మథరావు. లారీలోంచి దిగినవాళ్ళ చేతుల్లో పచ్చరంగు చీటీలున్నాయి.

కొట్లో ఉన్నవి రెండే కుర్చీలు. ఒకదాంట్లో మంత్రి కూర్చున్నాడు. రెండోదాన్ని చేత్తో తట్టి మన్మథరావుని కూర్చోమన్నాడు. దేవప్రసాద్ నిలబడ్డాడు.

మంత్రి గొంతు మెత్తన. ఒడియాలో, పాపాయిని లాలించినట్టు మాట్లాడతాడు. "ఈ చీటీలవాళ్ళు మనవాళ్ళు, బాబూ. వీళ్ళకి ముందు ఇచ్చెయ్యి. నిండుగా ఇయ్యి," అంటూ అరచేత్తో గాలిలో గోపురం చూపించాడు.

"అందరికీ వరసలోనే ఇస్తున్నాం సార్," అన్నాడు దేవప్రసాద్. "వీళ్ళని కూడా కూర్చోమంటాను. కొలత అందరికీ ఒకటే సార్."

"నువ్వు ఎవరి జీతం తింటున్నావు?"

"సర్కారుది సార్."

"సర్కారంటే ఎవరు?"

దేవప్రసాద్ వరసలో కూర్చున్నవాళ్ళ వైపు చూశాడు.

"చెప్పవయ్యా. బళ్ళో పిల్లవాణ్ణడిగినా చెప్తాడు." లారీవాళ్ళు నవ్వారు. నవ్వు ఆగేదాకా మంత్రి ఓపికపట్టాడు. "వచ్చే ఏడు ఎలక్షన్లున్నాయి. తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసీ ఇలా మాట్లాడతావా?"

"తెలుసు గనకనే సార్."

మంత్రి పాన్ మరక అంటిన పెదవిని రుమాలుతో తుడుచుకున్నాడు. కోపం వచ్చినట్టు కనబడలేదు. "కొలత మీద ఇంత ప్రేముంటే నువ్వే కొలువు మరి. ఒరే ముసలాడా, లే. దొరవారిని కూర్చోనీ."

అసిరయ్య దేవప్రసాద్ వైపు చూశాడు. దేవప్రసాద్ గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. పంట్లాం మోకాళ్ళ దగ్గర పైకి లాక్కొని రాశి ముందు కూర్చున్నాడు. కూర్చోవడం చేతకాలేదు. ఒక చెయ్యి నేలకి ఆనించాల్సి వచ్చింది.

కుంచాన్ని రాశిలోకి గుచ్చి ఎత్తాడు. అలా ఎత్తితే గింజ బిర్రుగా పడుతుందని అసిరయ్య నోటిదాకా వచ్చింది. దేవప్రసాద్ కర్రని మెల్లగా, భయంభయంగా నడిపించాడు. అయినా గింజ అంచుకి సరిగ్గానే తెగింది.

ముందున్నది ఒక కొండ ముసలమ్మ. ఒడి పట్టింది.

"ఒకటి," అన్నాడు దేవప్రసాద్.

ముసలమ్మ ఒడి చటుక్కున లాక్కుంది. గింజలు మెట్టు మీద చెదిరాయి. కొండజనం మాట దేశియాలో గొణుగుతూ, వద్దు వద్దంటూ చేతులాడించింది.

"ఏమంటోంది?" అన్నాడు మంత్రి.

మన్మథరావుది కూడా అసిరయ్యలాగే శ్రీకాకుళం వైపు ఊరే. కళ్ళాల్లో పుట్టి పెరిగినవాడే. ముసలమ్మ వైపొకసారి, కుంచం వైపొకసారి చూశాడు. "ఈయన చేతి గింజ ఒద్దంతంది బాబూ," అన్నాడు.

మంత్రి పకపకా నవ్వాడు. "చూశావా? పాదిరీలు పారేసిన రొట్టె తిని పెరిగిన చెయ్యి. పాపం, కొండదానిక్కూడా కనబడిపోయింది. నీ పెళ్ళాం కూడా ఆ చేతి అన్నం ముడుతుందో లేదో, కనుక్కున్నావా?"

దేవప్రసాద్ లేచాడు. కుంచం చేతిలోనే ఉంది. రెండు చేతులా తలదాకా ఎత్తి నేలకేసి కొట్టాడు.

ఇనప కుంచం రాతిమెట్టు మీద పడి మోగింది. దొర్లుకుంటూ వెళ్ళి మంత్రి కుర్చీ కోడు దగ్గర ఆగింది. జనం ఒక్కరూ కదల్లేదు. మంత్రి కాలు కూడా వెనక్కి తీసుకోలేదు. కిందికి చూసి, వెతుకుతున్న వస్తువేదో దొరికినట్టు మెల్లగా తల ఊపాడు.

"మంత్రి మీదకి కుంచం విసిరాడు," అన్నాడు పక్కనున్న పి.ఎ.తో. "జనం అతని చేతి విత్తనం వద్దన్నారు. రెండూ రాసుకో."

కొట్టుకి తాళం వేసి సీలు పెట్టారు. విచారణ అయ్యేదాకా గింజ బయటికి రాకూడదన్నారు. వరసలో ఉన్నవాళ్ళు లేవలేదు. ఎక్కడికి పోతారు? నేల తడిసి ఉంది, చేతిలో విత్తనం లేదు.

*

మర్నాడు మన్మథరావు అసిరయ్య ఇంటికే వచ్చాడు. అసిరయ్య భార్య అమ్మన్నమ్మ చోడంబలి కలుపుతోంది. చెయ్యి కడుక్కోకుండానే లేచి పీట వేసింది.

"ఏటిరా అసిరీ, ఇన్నేళ్ళై కొలుస్తన్నావు, ఇంకా దినకూలేనేటి?" అన్నాడు మన్మథరావు పీట మీద కూర్చుంటూ.

"అవును బావూ."

"పర్మనెంటు అయితే సచ్చేదాకా పింఛనీ. నీ తరవాత దీనికొస్తాది." అమ్మన్నమ్మ వైపు గడ్డం చూపించాడు. "ఎల్లుండి కోరాపుట్ నుంచి ఏడియం ఇచారణకి వస్తన్నాడు. కుంచం ఎటేపు ఇసిరేడని అడిగితే, మంత్రిగోరి మీదకే అని సెప్పు. ఎక్కువేటీ ఒద్దు. దగ్గరున్నోడివి నువ్వేగదా, నీ మాటే నిలబడతాది."

అసిరయ్య గోడకానుకొని నేలకేసి చూస్తున్నాడు. తలెత్తి అడిగాడు. "ఆ ముసల్ది ఒడెందుకు లాక్కుందో నీకు తెల్దా బావూ?"

మన్మథరావు నవ్వాడు. "తెలిస్తే?"

"అడిగేనంతే."

"అడగడం నేర్సుకున్నావురా ముసలితనంలో." లేచి గొడుగు అందుకున్నాడు. "ఆ పిల్లోడెలాగా ఇక్కడుండడు. కుందురకో, ఇంకా అవతలకో తోలేస్తారు. పెళ్ళాం రాయగడలో నర్సు, ఈడు అడివిలో. ఆడి గొడవ నీకెందుకు? నువ్వు మిగుల్తావో నేదో అది సూసుకో."

అతను వెళ్ళాక అమ్మన్నమ్మ అంబలి చెంబు ముందుపెట్టింది. "నోట్లో ముత్తేలున్నాయేటి, రాలిపోతాయని? అలాగే అని ఒక్క మాట అంటే పోయేది."

"ఇసిరింది నేలకే."

"నేలకో, నెత్తికో! ఆయనేం మంత్రి, దెబ్బ తగిల్నా సచ్చిపోడు. నాను రేపు ఒక్కదాన్నీ ఏటి తినాల, మన్నా?"

అసిరయ్య చెంబు ఎత్తాడు. అతనితో కాపురం అంటే గోడతో తగువు అని ఆవిడ ఊరంతా చెప్పుకునేది. ఆ మాటా అతను కాదనలేదు.

ఆ సాయంత్రమే రాయగడ నుంచి సైకిలు రిక్షాలా ఊగే పాత కారులో ఎదుటి పార్టీ లాయరు దిగాడు. ధర్మాత్ముడిలా ఉన్నాడు. అసిరయ్యని టీ దుకాణంలో బల్ల మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. టీ ఇప్పించాడు. దేవప్రసాద్ లాంటి ఆఫీసరు జిల్లాలోనే లేడన్నాడు.

"అవును బావూ," అన్నాడు అసిరయ్య. అతను ఆ రోజు మనస్ఫూర్తిగా అన్న మాట అదొక్కటే.

"ఆయన్ని కాపాడాలా వద్దా?"

"కాపాడాల."

"అయితే ఒక్క మాట చెప్పు చాలు. కుంచాన్ని మంత్రే కాలితో తన్నాడని చెప్పు. సొట్ట పడింది కదా, సాక్ష్యం అదే. మిగతాది పత్రికలవాళ్ళు చూసుకుంటారు. మీ బి.డి.ఓ. మెడలో నేనే దండ వేస్తాను, పెద్ద సభ పెట్టి."

టీ బాగుంది. మాటా బాగుంది. అసిరయ్య ఆ మాటని ఇంటిదాకా మనసులో మోసుకుంటూ వెళ్ళాడు. మంత్రి తన్నాడు. ఎన్నిసార్లు అనుకున్నా నోరు నొప్పెట్టలేదు. అలాంటి కాళ్ళు తన్నేవే కదా.

*

పొద్దున్నే బి.డి.ఓ. క్వార్టర్సుకి వెళ్ళాడు. దేవప్రసాద్ వసారాలో చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. భార్య దయావతి ఆదివారాలు మాత్రమే వస్తుంది. సూది పట్టుకున్న చేతివేళ్ళ సందుల్లో ధాన్యపు నూగు పొడిచిన ఎర్రటి దద్దుర్లు ఇంకా పోలేదు.

"కొబ్బరినూనె రాయండి బావూ, మానిపోతాది," అన్నాడు అసిరయ్య. మెట్టు మీద కూర్చొని లాయరు చెప్పినదంతా చెప్పాడు. అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడగా దేవప్రసాద్ ఎన్నడూ వినలేదు.

"దండ వేస్తానన్నాడా?"

"పెద్ద సభంట."

"ఇక నేను ఆ పార్టీవాణ్ణయిపోతాను. రేపు అతను మంత్రి అవుతాడు. అతని చీటీలు పసుప్పచ్చగా ఉంటాయేమో." దారం కొరికాడు. "అప్పుడు వరసలోకి రమ్మని అతనికి ఏ మొహంతో చెప్పను?"

"ఉద్యోగం పోతే వరసెవుడు సూస్తాడు బావూ?"

దేవప్రసాద్ సూదిని దారపుండకి గుచ్చాడు. "నీ కుంచానికి నువ్వేం చేస్తావు? శిఖ ఉంచుతావా?"

"ఉంచను."

"నా గురించీ అంతే. తలకొట్టి చెప్పు. వాళ్ళకీ వద్దు, నాకూ వద్దు."

"మరి నాకు?"

దేవప్రసాద్ తలెత్తాడు. అసిరయ్యకి పర్మనెంటు ఆశ పెట్టారని అతనికి తెలియదు. అసిరయ్య చెప్పనూ లేదు. లేచి, తువ్వాలు దులుపుకొని వెళ్ళిపోయాడు.

*

విచారణ కొట్టు అరుగు మీదే జరిగింది. ఏడియం గారు, అదే అదనపు జిల్లా మేజిస్ట్రేటు, నెత్తి నెరిసిన ఒడియా పెద్దమనిషి. జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న రోజుల్లోనే ఉద్యోగంలో చేరినవాడు, తెలుగు ఇంటి భాషలా మాట్లాడతాడు. రాత్రంతా జీపులో వచ్చినట్టున్నాడు. కళ్ళు నులుముకుంటూనే ఉన్నాడు. ఒక పక్క మన్మథరావు, ఇంకో పక్క లాయరు. దేవప్రసాద్ స్తంభం దగ్గర నిలబడ్డాడు. బల్ల మీద సొట్టపడిన కుంచం. కింద ఇంకా కదలకుండా కూర్చున్న జనం.

"ముసలమ్మ విత్తనం వద్దందిట. ఎందుకు?" అని మొదలుపెట్టాడు ఏడియం.

"సేతిని కాదు బావూ ఒద్దన్నది," అన్నాడు అసిరయ్య. "ఈయన ఒకటి అనీసేరు. లాభం అనాల. ఇత్తనం గదా. అనకపోతే ఎవులూ పట్టరు."

ఏడియం మన్మథరావు వైపు తిరిగాడు. "మీదీ శ్రీకాకుళం వైపే కదండీ. మీ కళ్ళంలో మొదటి కుంచాన్ని ఏమంటారు?"

మన్మథరావు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "లాభం," అన్నాడు, ఎదటివాడికి వినబడీ వినబడనట్టు.

ఏడియం మొహంలో అలసట కొంచెం తేలికైంది. ఆ పెద్దాయనకి కుర్రవాణ్ణి కాపాడాలనే ఉన్నట్టుంది. కాగితాలు పక్కకి జరిపి అసిరయ్య వైపు వంగాడు. "చూడూ, ధాన్యం నూగుకి చేతులు నున్నబడతాయి. అలవాటు లేని మనిషి. లేచే తొందరలో కుంచం చెయ్యి జారి ఉంటుంది. అంతేనా?"

అంతే అంటే అయిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు. లాయరు నిటారుగా కూర్చున్నాడు.

అసిరయ్య దేవప్రసాద్ వైపు చూశాడు. తలకొట్టి చెప్పమన్న మనిషి నేలకేసి చూస్తున్నాడు. అయితే గడియారం పట్టీని తిప్పుతున్న వేలు ఆగిపోయింది. మెడ కొంచెం ముందుకు వచ్చింది. కొట్టు ముందు కూర్చున్న జనం గింజ కోసం అలాగే మెడలు చాచేవాళ్ళు. అసిరయ్యకి ఆ చూపు తెలుసు. కొలిచేవాడి చెయ్యి చూసే చూపు అది, కర్ర కొంచెం పైనుంచి నడుస్తుందేమోనని.

ఇంతమంది అడగ్గా కదలని అతని గుండె అప్పుడు కదిలింది.

"జారనేదు బావూ," అన్నాడు. "జారనేదు. ఇసిరేరు. కోపంతోనే ఇసిరేరు. నేలకే. మంత్రిగోరి మీదకి కాదు. మంత్రిగోరు కాలితో తన్ననూ నేదు. దొర్లుకుంటెల్లి కుర్సీ కాడ ఆగింది."

లాయరు కుర్చీ వెనక్కి జరిపాడు. మన్మథరావు చిన్నగా నవ్వుకున్నాడు.

"ఎందుకు విసిరాడు?" అన్నాడు ఏడియం, అడగక తప్పనట్టు.

"మంత్రిగోరు ఈయన ఇంటి ఆయమ్మని ఒక మాట అన్నారు. ఈయన కులాన్నీ అన్నారు." ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. కలపలేదు, తియ్యలేదు. కింద జనంలో ఒక దగ్గు వినిపించింది.

గుమాస్తా కలం ఆగింది. అతను ఏడియం వైపు చూశాడు. ఏడియం కుంచం సొట్ట మీద బొటనవేలితో రాస్తున్నాడు. రాయమని అనలేదు. వద్దనీ అనలేదు. కలం కదలకుండానే ఆ మాటలు గాలిలో కలిసిపోయాయి. అంతకు ముందు రాసిన 'కోపంతో విసిరారు' అన్న మాట దగ్గర మాత్రం సిరా ఇంకా తడిగా మెరుస్తోంది.

అసిరయ్య నిండుగానే పోశాడు. అక్కడివాళ్ళు తమకి కావలసినంతే పట్టుకున్నారు.

*

దేవప్రసాద్‌ని కుందురకి బదిలీ చేశారు. ఒక ఇంక్రిమెంటు ఆపారు. అసిరయ్య పర్మనెంటు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. దినకూలి మాత్రం పోలేదు. ఆ కొండజనానికి అతను తప్ప కొలిచేవాడు లేడు, అంతే. అమ్మన్నమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అంబలిలోకి ఉల్లిపాయ అందిస్తూ, "పోనీ, ఇసిరింది నేలకే గదా," అంది తనలో తాను.

లారీ ఎక్కే ముందు దేవప్రసాద్ కొట్టు దగ్గరికి వచ్చాడు. పెట్టె, పరుపుచుట్ట లారీలో పెట్టించాడు. అసిరయ్య మెట్టు మీద కూర్చొని, తిరిగి ఇచ్చిన కుంచాన్ని ఒళ్ళో బోర్లించుకొని చూస్తున్నాడు.

"జారిందని చెప్తావనుకున్నాను," అన్నాడు దేవప్రసాద్.

"సెప్పాలనే ఉండీది బావూ."

"నీకు చెప్పింది నేనే. అయినా ఆ క్షణంలో..." ఆగిపోయాడు. "ఎదురుచూశాను."

"సూసేను."

"చూసి కూడానా?"

అసిరయ్య కుంచాన్ని ఒళ్ళో వెల్లకిలా తిప్పాడు. "రేపు ఎవుడో ఇంకోడు మెడ సాస్తాడు. ఆడి మొహం సూసినా సెయ్యి అంచు కాడే ఆగాల గదా," అన్నాడు.

లారీవాడు హారను కొట్టాడు. వెళ్ళబోతూ దేవప్రసాద్ ముసలాడి భుజం మీద చెయ్యి వేసి తీశాడు. దద్దుర్లు మానాయి. నూనె రాసినట్టున్నాడు.

లారీ మలుపు తిరిగాక అసిరయ్య కుంచంలోకి కర్రదిమ్మ దూర్చి, బయట గుడ్డ ఆనించి, సొట్టని లోపల్నుంచి మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. సొట్ట ఉంటే తలకొట్టినా గుప్పెడు గింజ తక్కువ పడుతుంది. ఒక్కో దెబ్బకీ వేలితో తడిమి చూసుకున్నాడు. పాత చెక్క కుంచంతో గింజ పోసి, దీంట్లోకి వంచి సరిచూసుకున్నాడు. సరిపోయాక, సీలు విప్పిన తలుపులు బార్లా తీశాడు.

కొత్త ఆఫీసరు ఇంకా రాలేదు. పచ్చచీటీలవాళ్ళు అందరికంటే ముందు వచ్చి నిలబడ్డారు. మన్మథరావు మనిషి ఒకడు, "శిఖెట్టు తాతా, ఇప్పుడెవులున్నారు అడగడానికి?" అన్నాడు. అసిరయ్య కర్రతో వరస చివర చూపించాడు. ఎందుకో వాళ్ళు గునుస్తూనే వెళ్ళి కూర్చున్నారు.

ముసలమ్మ మెట్టు దగ్గరికి వచ్చింది. వాళ్ళ కొండ మీద వాన మళ్ళీ పడిందట, చాళ్ళు ఎదురుచూస్తున్నాయట. ఒడి పట్టి, చుట్టూ చూసి దేశియాలో అడిగింది. "ఆ తెల్ల చొక్కా బాబు ఏడి?"

"ఎల్లిపోనాడు."

"అయ్యో," అంది ముసలమ్మ. "పాపం, ఆ బాబుకి లెక్క రాదు. చెయ్యి మాత్రం మంచిది."

అసిరయ్య గింజని రెండు చేతులతో ఎత్తి, వేళ్ళు వదులు చేసి రాల్చాడు. గోపురం లేచింది. కర్ర నడిపించాడు.

"లాభం," అన్నాడు.